మనుబోతు పిల్లకు మాటలు

శ్రీరస్తు. అక్షరాలకు అధిదేవతయైన తల్లికి నమస్కారం. ఆమె చేతి వీణ మోగడానికి ముందు ఒక్క క్షణం నిలిచే నిశ్శబ్దానికి మరొక నమస్కారం. ఈ రచన ఆ రెండవదాన్ని గురించినది.

స్వస్తిశ్రీ చాంద్రమాన క్రోధి నామ సంవత్సరం, ఉత్తరాయణం, శిశిర ఋతువు, మాఘ శుద్ధ షష్ఠి. యమునకు తూర్పున, హిండన్ నదికి పడమట, వైశాలిలో మెట్రో పట్టాలు కనబడే ఇంటి నాలుగవ అంతస్తులో కూర్చుని రాస్తున్నాను. నిన్న శ్రీపంచమి. పూజలో పెట్టిన పుస్తకాలను ఈ ఉదయం తీసి యథాస్థానాల్లో సర్దాను. వాటి పక్కన మా అమ్మాయి ఉంచిన పెన్సిలును మాత్రం ఆమె తీసుకోలేదు. అది ఇంకా పీట మీదనే ఉంది.

మా అమ్మాయి ఒక బొమ్మల సినిమా తీసింది. నోయిడాలో ఒక చిన్న స్టూడియోలో, తనవంటి పిచ్చివాళ్ళు కొందరితో కలిసి, నాలుగేళ్ళపాటు కూర్చుని గీసింది. గంటంపావు చిత్రం. అందులో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. మాటలు లేకుండానే ఆ చిత్రం జనం ముందుకు రావాలన్నది ఆమె కోరిక. నిజానికి కోరిక అన్న మాట దానికి చాలదు. పెళ్ళి మాట ఎత్తితే వాయిదా వేసి, మంచి జీతం వచ్చే కొలువును కాదని, నాలుగు చలికాలాలు ఆ ఒక్కదాని కోసం కళ్ళు పాడుచేసుకుంది. అది దక్కుతుందా దక్కదా అన్నదే నిన్నటివరకూ మా ఇంట్లో అందరి మనసుల్లోనూ మెదిలిన ప్రశ్న.

నా సంగతి కూడా ఒకింత చెప్పాలి. ఢిల్లీలో ఒక కళాశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. మాటలు తిని మాటలు తాగి బతికాను. ఇక్కడ పుట్టి పెరిగిన నా కూతురికి మాత్రం నా మాట అబ్బలేదు. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. పద్యం చదివితే నవ్వి ఊరుకునేది. అర్థమైందో లేదో నాకు తెలిసేది కాదు. బడిలో ఏం జరిగిందని అడిగితే చెప్పే బదులు కాగితం మీద బొమ్మ వేసి నా బల్ల మీద పెట్టి వెళ్ళేది. నేను దాని వెనకవైపు ఖాళీలో పాఠానికి కావలసిన సంగతులు రాసుకునేవాణ్ణి. మా మధ్య రాకపోకలు చాలాకాలం అలాగే నడిచాయి.

సినిమా కథ చాలా చిన్నది. గ్రేటర్ నోయిడా దాటాక పొలాలకు ఇనుపకంచెలు వేస్తున్నారు. ఆ పొలాల్లో తిరిగే మనుబోతుల మందలో ఒక తల్లి, ఒక పిల్ల. ఇక్కడివారు వాటిని నీల్‌గాయ్ అంటారు. ఒక తెల్లవారుజామున తల్లి పెద్ద రోడ్డు దాటుతుంది. పిల్ల ఇవతలే ఆగిపోతుంది. ఈలోగా వాహనాలు పెరుగుతాయి. ఇక సినిమా అంతా ఆ పిల్ల అవతలికి చేరడానికి చేసే ప్రయత్నమే. తూముల్లోంచి, కట్టడాల మధ్యనుంచి, హాస్టల్ పిల్లలు బస్సుకోసం నిలబడే చోటునుంచి దారి వెతుక్కుంటూ పోతుంది. మనుషులు కనబడతారు, వారి నోళ్ళు కదలడం కనబడుతుంది. కాని ఆ పిల్ల చెవికి ఎలా వినబడుతుందో మనకూ అలాగే, ఏదో దూరపు రొదలా వినబడుతుంది.

ఆమె ఈ సంగతి మొదట చెప్పినప్పుడు నేను ఒప్పుకోలేదు.

"మాట లేకపోతే కథకు ఆధారమేమిటమ్మా?" అన్నాను.

"చూడడం, నాన్నా," అంది. "పిల్లలకి పహలే చూడడమే కదా వస్తుంది. మాట బాద్ మే."

"గంటంపావు చూస్తూ కూర్చుంటారా?"

"క్రికెట్ చూస్తారు కదా, పూరా దిన్."

"దానికి వ్యాఖ్యానం ఉంటుంది."

"మీరు టీవీ మ్యూట్‌లో పెట్టి చూస్తారు నాన్నా," అంది. అది నిజమే. ఆ వ్యాఖ్యాతల భాష నేను భరించలేను.

నిరుడు చలికాలం చివర చిత్రం ముడిరూపంలో పూర్తయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. మా ఆవిడ అప్పుడే బఠాణీకాయల కుప్ప ముందు వేసుకుని ఒలుస్తోంది. ఆ కాలంలో ఢిల్లీలో ఏ ఇంట చూసినా అదే పని.

"అందులో ఎవరూ మాట్లాడరటగా. నేను వింటూ ఒలుచుకుందామనుకున్నానే," అంది.

"అయితే చూస్తూ ఒలువు, అమ్మా."

"చూస్తే పురుగులున్నవి కూడా పడిపోతాయే గిన్నెలో."

సినిమా మొదలయింది. ఎండిన గడ్డి గాలికి కదిలింది. ఆ చప్పుడు వినగానే మా ఆవిడ తలెత్తింది. "ఇది నా చేట," అంది. అవును. ఆమె వంటింట్లో బియ్యం చెరుగుతుండగా అమ్మాయి ఆ చప్పుడును రికార్డు చేసుకుని పోయింది. ఆ చప్పుడే తెర మీద గడ్డిమైదానమంతా అలలుగా పాకింది. మా ఆవిడ ఆ తరువాత కాయలు ఒలవలేదు. తల్లి రోడ్డు దాటింది. పిల్ల ఆగింది. అటు తల్లి, ఇటు పిల్ల, మధ్య లారీలు. లారీకీ లారీకీ నడుమ రెప్పపాటు సేపు తల్లి కనబడుతుంది, మళ్ళీ మరుగవుతుంది. ఆ దృశ్యం చాలాసేపు నడుస్తుంది. ఎంతసేపంటే, ఇక చాలు అని మనసులో అనుకున్న తరువాత కూడా నడుస్తుంది. అప్పుడు గాని తల్లి ఇక రాదేమో అన్న అనుమానం మనకు పుట్టదు.

కొంతసేపటికి మా ఆవిడ మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు, "పొద్దున్నుంచి చిన్నది నీళ్ళే తాగలేదు," అంది.

నేను అమ్మాయి వైపు చూశాను. ఆమె తెర చూడడం లేదు. వాళ్ళమ్మ ముఖం చూస్తోంది. నా కూతురు ముఖంలో అంతటి తృప్తిని నేను మళ్ళీ చూడలేదు. ఇకముందు చూస్తానన్న నమ్మకమూ లేదు.

నా విషయానికి వస్తే, అలంకారశాస్త్రం చదివినవాణ్ణి. చెప్పిన దానికన్న చెప్పక స్ఫురింపజేసినది గొప్పదని తరగతి తరువాత తరగతికి బోధించాను. కాని ఆ స్ఫురించేది కూడా మాట మీదెక్కే రావాలని అనుకునేవాణ్ణి. ఆ ఆదివారం నా కూతురు నా ముందు మాటనే తీసివేసి చూపించింది. స్ఫురణ మాత్రం నిలిచింది. అది ఎదురుచూపు మీద ఎక్కి వచ్చింది. ఆమె చెప్పినదాన్ని పూర్తిగా, సందేహం మిగలకుండా అర్థం చేసుకోవడం నాకు అదే మొదటిసారి.

ఈ చిత్రానికి పెట్టుబడి పెట్టినాయన గుంటూరు జిల్లావారు, గురుగ్రామ్‌లో ఇళ్ళు కట్టి స్థిరపడ్డారు. మంచివారే. నన్ను మాస్టారూ అని, అమ్మాయిని అమ్మా అని పిలుస్తారు. మొదట్లో మాటలు లేవంటే ఖర్చు తగ్గుతుందని సంతోషించారు కూడా. చిత్రం పూర్తయ్యాక అమ్మకానికి తిరగడం మొదలుపెట్టిన తరువాత ఆయనకు దిగులు పట్టుకుంది. ఒకనాడు మా ఇంటికి వచ్చి కూర్చున్నారు.

"నీ బొమ్మకు వంక పెట్టేవాడు లేడమ్మా. కానీ కొనేవాడు మొట్టమొదట ఏమడుగుతున్నాడో తెలుసా? ఏ భాష అని. హిందీ అంటే హిందీ గదిలో పెడతాడు. తెలుగంటే తెలుగు గదిలో పెడతాడు. ఏ భాషా కాదంటే వరండాలో పడేస్తాడు."

"అన్ని గదుల్లో పెట్టొచ్చు కదా అంకుల్. డబ్బింగ్ కూడా అక్కర్లేదు."

"అదే నేనూ చెప్పా. వాడు నవ్వాడు. గది నంబరు లేని ఫ్లాట్ నేనైనా అమ్మలేను కదమ్మా."

"పిల్లలు చూస్తారు అంకుల్. ఒక్కసారి పిల్లలకి చూపించండి."

"సరే, చూపిద్దాం," అన్నారాయన. "నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టు. వాళ్ళు కదలకుండా చూస్తే నేను నోరెత్తను. నీ మాట లేని సినిమా నీ ఇష్టం వచ్చినట్టే వస్తుంది. లేచి తిరిగారా, నేను చెప్పినట్టు వినాలి."

ఆమె ఒప్పుకుంది. ఆ పందెం న్యాయమైనదేనని నాకూ తోచింది.

ఆ ఏడు కార్తికంలో ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. గొంతులు మండాయి. బడులు మూశారు. తెలుగు సంఘంవారు ఏటా జరిపే వనభోజనాలు ఆ పొగలో కుదరవని సంఘం హాలులోనే భోజనాలు పెట్టాలని నిశ్చయించారు. తలుపులు మూసిన హాలులో పిల్లల్ని మధ్యాహ్నమంతా ఎలా ఆపడమన్నది వారికి సమస్య. మా అమ్మాయికి పిల్లలు కావాలి. ఇరువురి అవసరాలూ కలిశాయి. తెర కట్టారు, కుర్చీలు వేశారు. వెనక గదిలోంచి పులిహోర తాలింపు వాసన వస్తోంది. ఆసుపత్రుల్లో నర్సులుగా చేసే కోస్తా అమ్మాయిలు వారి పిల్లలతో వచ్చారు. కంపెనీ ఉద్యోగాలవారు వచ్చారు. బామ్మలు ముందువరుసలో కూర్చున్నారు. పెట్టుబడిదారు ఒక పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఇక్కడ మా సంఘం ఆచారం ఒకటి చెప్పాలి. మా కార్యక్రమం ఏదైనా వ్యాఖ్యాత లేకుండా జరగదు. దీపం వెలిగిస్తున్నా, శాలువా కప్పుతున్నా, ఒకాయన మైకులో ఆ జరుగుతున్నదాన్ని వర్ణిస్తూ ఉండవలసిందే. కొన్నేళ్ళుగా ఆ పని చేస్తున్నది ఒక బ్యాంకు ఉద్యోగి, రాజమండ్రివైపు మనిషి. కంచువంటి గొంతు, చక్కని ఉచ్చారణ. శ్రీరామనవమినాడు సంఘంలో జరిగే కల్యాణానికి ఆయన చెప్పే ప్రత్యక్ష వ్యాఖ్యానం వినడానికే ఫరీదాబాద్ నుంచి కూడా జనం వస్తారు. పురోహితుడు మౌనంగా చేసే ప్రతి పనికీ ఆయన మాట తొడుగుతాడు. నిశ్శబ్దం కనబడితే దాన్ని నింపడం తన బాధ్యత అని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఆనాడు స్వాగతం పలికి, మైకు చేతిలోనే ఉంచుకుని నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

దీపాలార్పారు. గడ్డి కదిలింది. పిట్టలు కూశాయి. హాలు కొంచెం సర్దుకుంది. ముందువరుస చివర ఒక చిన్నపిల్ల, ఆరేడేళ్ళుంటాయేమో, తెర మీది మనుబోతు పిల్ల చెవులు ఎటు తిప్పితే అటు తన రెండు జడలనూ చేతులతో పట్టుకుని తిప్పుతోంది. నేను అది చూసి ఊపిరి పీల్చుకున్నాను.

కాని పెద్దలు అసహనంగా కదలసాగారు. మా వెనకనుంచి ఒకరు, "పిట్టలు వినబడుతున్నాయి, మనుషులు వినబడ్డంలేదేంటి?" అన్నారు. ఇంకొకాయన లేచి యంత్రం దగ్గర కుర్రవాడితో, "భయ్యా, ఆవాజ్ చెక్ కరో," అన్నాడు. "ఆ రహీ హై సర్," అన్నాడతను. "అరే, బాత్ కర్‌నే వాలీ ఆవాజ్." మాట్లాడే గొంతు రావాలని ఆయన గోల. నలుగురు నవ్వారు. పిల్లలు ఆ నవ్వు విని వెనక్కి తిరిగారు. ఇద్దరు ముగ్గురు కుర్చీలు దిగి పరుగులు మొదలుపెట్టారు.

పక్కనున్న వ్యాఖ్యాత నా చెవి దగ్గరకు వంగాడు. "మాస్టారూ, మాటల ట్రాక్ రాలేదనుకుంటానండి. మీరేం కంగారు పడకండి. నేను చూసుకుంటాను."

"లేదండీ, అందులో మాటలు..." అని నేను అంటూ ఉండగానే ఆయన లేచాడు. నా మాట పూర్తికావడానికి పట్టే సమయంలో ఆయన తెర పక్కకు చేరాడు.

"ప్రేక్షక మహాశయులారా," అన్నాడు. "ఇదుగో, అటు తల్లి నిలిచింది. ఇటు బిడ్డ నిలిచింది. నడుమ ఈ వాహన ప్రవాహం. ఎంతటి ఎడబాటు. ఆ తల్లి కన్నుల్లో ఏముందో చూడండి. రా నాన్నా, రా కన్నా, అంటోంది ఆ తల్లి."

నేను వెనక్కి తిరిగాను. మా అమ్మాయి గోడవారన ఉన్నదల్లా గబగబా సగం దూరం వచ్చి, అక్కడే నిలిచిపోయింది. ఎందుకు నిలిచిందో నాకు అర్థమయింది. పరుగెడుతున్న పిల్లలు ఆగారు. ఒక్కొక్కరే వచ్చి కుర్చీల్లో కూర్చుంటున్నారు. హాలంతా కుదురుకుంది. ఒక బామ్మ, "ఇప్పుడు బాగుంది," అంది.

ఆయన ఆపలేదు. పిల్ల తూములో దూరితే చీకటిని వర్ణించాడు. నీటిగుంట దగ్గర వంగితే దాహాన్ని వర్ణించాడు. హాస్టల్ పిల్లలు కనబడితే వారి చదువుల మీద చలోక్తి విసిరాడు. జనం చప్పట్లు కొట్టారు. కల్యాణంలో తలంబ్రాలప్పుడు పలికే గొంతుతోనే చివరి దృశ్యం దాకా నడిపించాడు. ఆయన ప్రతిభను నేను కాదనను. ముందువరుస చివర జడలు తిప్పిన చిన్నపిల్లను వెతికాను. జడలు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఆమె తెరవైపు చూడడం లేదు. మైకు పట్టుకున్న మనిషిని చూస్తోంది. చుట్టూ చూశాను. పిల్లలందరూ ఆయననే చూస్తున్నారు.

దీపాలు వెలిగాక పెట్టుబడిదారు మా దగ్గరకు వచ్చారు. ఆయన ముఖంలో గెలిచిన గర్వం లేదు. బరువు దిగిన నెమ్మది ఉంది.

"చూశావుగా అమ్మా. మాట పడగానే ఒక్కడు కదిలాడా?"

నేను అందుకున్నాను. "కదలలేదు నిజమే. కాని వాళ్ళు తెరను చూడలేదండీ. వాళ్ళ కళ్ళు ఆయన మీద ఉన్నాయి."

"కళ్ళు ఎటుంటే ఏంటండీ మాస్టారూ, కుర్చీల్లో ఉన్నారుగా," అన్నారాయన.

నాలుగేళ్ళ పని ఏ ఒక్క మాట వల్ల ఓడిపోయిందని అడిగితే ఈ మాటనే చూపిస్తాను. ఆయన దుర్మార్గంతో అనలేదు. లోకం కొలత ఏదో అదే చెప్పారు. మాట లేని చిత్రం నిలుస్తుందా అన్న ప్రశ్నకు ఆనాటి హాలు జవాబు చెప్పలేదు, ఎందుకంటే మాట లేని చిత్రాన్ని ఆ హాలు చూడనే లేదు. కాని అందరూ జవాబు వచ్చిందనే ఇంటికి వెళ్ళారు. పులిహోర తింటూ మా అమ్మాయిని చూసి, "బేటా, సినిమా చాలా బాగుంది, ఆ అంకుల్ లేకపోతే ఏమైపోయేదో," అన్నవారే అంతా.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో ఆమె కిటికీవైపు తిరిగి నిలబడింది. యమున దాటుతుండగా, "నేనే ఆపాలి నాన్నా, ఆగిపోయాను," అంది. "ఎందుకంటే బచ్చే కూర్చున్నారు. అది చూసి... నాకే డౌట్ వచ్చింది."

వారం తరువాత పెట్టుబడిదారు మళ్ళీ వచ్చారు. చిత్రం పొడవునా ఒక గొంతు ఉండాలన్నారు. పిల్ల వెంట ఒక కాకి తిరగాలన్నారు, చురుగ్గా మాట్లాడే కాకి. "మన తోలుబొమ్మలాటలో కథ బరువెక్కగానే హాస్యగాడు రాడూ? మాస్టారికి తెలియనిదేముంది," అని నా వైపు చూశారు. వస్తాడు. నేను కాదనలేకపోయాను. మనవారు చీకటిలో తెర కట్టిన ప్రతిచోటా దాని వెనక ఒక గొంతును కట్టారు. తెర నోరు మూసుకోవడాన్ని మన జనం అపశకునంగా చూస్తారు కాబోలు.

ఆయన వెళ్ళాక అమ్మాయి నా గదిలోకి వచ్చింది. నేలమీద కూర్చుని హీటరు ముందు చేతులు కాచుకుంటూ, "నాన్నా, ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. మీరు రాయండి," అంది.

"నేనా?"

"కమ్ సే కమ్ మీరు తక్కువ రాస్తారు."

నేను తక్కువ రాస్తానన్న అపవాదు అంతకుముందు ఎవరూ నా మీద వేయలేదు. మా ఆవిడ వంటింట్లోంచి, "ఆయనా? పాలవాడికి చీటీ రాయమంటే ఉపోద్ఘాతంతో మొదలుపెడతారు," అంది. అమ్మాయి నవ్వింది. కార్తికం తరువాత ఆమె నవ్వడం అదే.

మార్గశిరమంతా ఆ చిత్రాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల లారీ చక్రపు గాడిలో నిలిచిన నీటికి మూతి ఆనించే చోట ఒక వాక్యం రాశాను. చదువుకున్నాను. నీరు అంతకుముందే చెప్పేసిన సంగతిని నా వాక్యం మళ్ళీ చెప్పి, నీటిని తనకు సాక్షిగా నిలబెట్టుకుంటోంది. కొట్టేశాను. దాహం మాట ఎత్తకుండా ఎండను గురించి రాశాను. బొమ్మలో ఎండ ఉంది. అదీ కొట్టేశాను. ఏ మాట పెట్టినా బొమ్మ దానికి కూలిపని చేయడం మొదలుపెట్టేది. నా చదువంతా ఎదుట నిలిచి, మాట ఎక్కడ అక్కరలేదో ఒక్కొక్కచోటే చూపించింది. ఇంత తెలిసీ ఇన్నేళ్ళు ఏం చెప్పానా అని విసుగు పుట్టింది.

పుష్యమాసంలో ఇద్దరం కలిసి కూర్చున్నాం. తెలుగు అక్షరాలను ఆమె వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతుంది. నేను రాసిన వాక్యాన్ని మెల్లగా చదివి, ఆగి, "యే అచ్ఛా హై నాన్నా. చాలా బాగుంది," అనేది. ఇంకొంచెం ఆగి, "తీసేద్దామా?" అనేది. తీసేసేవాళ్ళం. బయట పొగమంచులో మెట్రో దీపాలు మసకగా పోయేవి. మా ఆవిడ అల్లం టీ ఇచ్చి పోయేది. నా కూతురు, నేను కలిసి తెలుగు మాటల మీద తలలు వంచి కూర్చోవడం మా జీవితంలో అదే మొదలు. ఆ కూర్చున్నది మాటలను తీసివేయడానికి. కొన్నాళ్ళకు మొత్తం అరపేజీ మిగిలింది. తల్లీపిల్లలు రోడ్డుకు అటూ ఇటూ నిలిచే చోట ఏమీ రాయలేదు. అక్కడ ఖాళీ అని కూడా రాయలేదు.

ఆ అరపేజీ పంపిన మరునాడు ఫోను వచ్చింది.

"మాస్టారూ, మొదటి పేజీ ముట్టింది. మిగతావి ఇంకా రాలేదు."

"అంతేనండీ."

"మీమీద గౌరవంతో అంటున్నాను, అందులో ఉన్న నాలుగు మాటలూ పురాణ కాలక్షేపంలా ఉన్నాయండీ. మీకు శ్రమ ఇచ్చాను," అన్నారు. నేను శ్రమ ఏమీ లేదన్నాను. అమ్మాయి ఎదురుగా నిలబడి వింటోంది. ఫోను పెట్టాక నా ముందున్న కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్నవైపు కొంతసేపు చూసి మళ్ళీ అక్కడే పెట్టింది.

నిన్న సాయంత్రం పూజ అయ్యాక వ్యాఖ్యాత మా ఇంటికి వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా, చంకలో దళసరి రాతప్రతి. తెలుగులో చిత్రం పొడవునా వినబడే గొంతుగా ఆయననే ఎంచుకున్నారట. హిందీకి వేరొకరు. మాటలు హైదరాబాదులో ఎవరో రాశారు. కాకి కూడా ఉంది. ఆయన ఆ ప్రతిని పీట మీద, మా పుస్తకాల పక్కన, అమ్మాయి పెన్సిలును కొంచెం జరిపి పెట్టాడు. అక్షింతలు వేయించుకున్నాడు. నా కాళ్ళకు నమస్కరించాడు.

"మీ ఇంట మొదలుపెట్టాలనిపించిందండి. అమ్మాయి సినిమాని నిలబెట్టానని అందరూ అంటున్నారు. నిలబెట్టేదెవరండి, అంతా ఆ తల్లి దయ," అన్నాడు. అతని కళ్ళు చెమర్చాయి. ఆ మనిషిలో ఇసుమంత కల్మషం లేదు. ఉంటే నాకు ఇంత నిస్పృహ కలిగేది కాదేమో.

అమ్మాయి అతనికి టీ తెచ్చింది. ప్రతి చేతిలోకి తీసుకుని కాగితాలు తిప్పింది. రోడ్డు దృశ్యం దగ్గర ఆగింది. ఆ పేజీ నిండా మాటలే. లాప్‌టాప్ తెరిచి, ఆ చోటు చూపించి, పని నేర్పేవారి గొంతుతో నెమ్మదిగా చెప్పింది.

"అంకుల్, ఇక్కడ లారీ వెళ్ళాక ఆప్ థోడా ఆగండి. తల్లి కనబడుతుంది. ఫిర్ మరో లారీ వస్తుంది. అప్పటిదాకా ఏమీ చెప్పొద్దు. ఒక్క ఇక్కడ."

ఆయన చాలా శ్రద్ధగా చూశాడు. ఆమెను నొప్పించకూడదని ఆలోచించాడు కూడా. తరువాత, "నేను ఆగితే మైకు పోయిందనుకుంటారమ్మా," అన్నాడు.

"ఠీక్ హై అంకుల్," అంది మా అమ్మాయి. లాప్‌టాప్ మూసి, ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళింది.

పై సంగతులు రాసి పక్కన పెట్టిన తరువాత జరిగినది ఇది. విశ్వావసు నామ సంవత్సర వైశాఖ బహుళ చవితి, శుక్రవారంనాడు, బడులకు సెలవులిచ్చాక, చిత్రం మాటలతో విడుదలయింది. వారం తిరగకముందే తీసివేశారు. మాటలు లేని ప్రతిని జనానికి ఎక్కడా చూపలేదు కనుక అది ఎలా ఆడేదో ఎవరికీ తెలియదు. అమ్మాయి ఇప్పుడు ప్రవేశపరీక్షల పాఠాలు చెప్పే సంస్థలో బొమ్మలు గీస్తోంది. ఆ బొమ్మలు ఆగకుండా మాట్లాడతాయి. సినిమా చూడడానికి ఆమె వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. మా ఆవిడ తన చేట చప్పుడు వినడానికని మొదటిరోజు మధ్యాహ్నం ఆటకు వెళ్ళి, వినబడలేదని సగంలో తిరిగి వచ్చింది.